అంగుళాల నీడ నుంచి కళల గీత దాకా: చెన్నై మేడ మీద పాత కోణయంత్రాలను తయారుచేసి వాడే విధానం

చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక గ్రానైట్ స్తంభం ఉంది. మైకేల్ టాపింగ్ రూపకల్పన చేయగా 1792లో ఈస్టిండియా కంపెనీ కట్టించిన మద్రాసు వేధశాలలో, కోణాలు కొలిచే పరికరాన్ని కదలకుండా మోయడానికి నిలిపిన స్తంభమది. దాని మీద లాటిన్, తమిళం వంటి భాషలతోపాటు మన తెలుగులో కూడా శాసనం చెక్కారు. అది పనిచేస్తున్న కార్యాలయ ఆవరణ కాబట్టి ముందుగా అనుమతి తీసుకుని వెళ్లి, ఆ రాతిని ఒకసారి చూసి వచ్చిన తరువాత ఈ పని మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఇత్తడితో ఎంత నాజూకుగా చేసిన పరికరమైనా, దాని కింద ఉన్నది కదిలితే కొలత చెడుతుందని ఆ స్తంభాన్ని చూస్తే చెప్పకుండానే అర్థమవుతుంది.

ఈ వ్యాసంలో నీడను కొలిచే శంకువు, ఎత్తుకోణాన్ని కొలిచే తురీయ యంత్రం అనే రెండు పాత పరికరాలను తక్కువ ఖర్చుతో తయారుచేసుకుని, చెన్నైలో మీ ఇంటి మేడ మీద వాడే పద్ధతిని వివరిస్తాను. ఇక్కడివారు మొట్టమాడి అనే ఆ పైకప్పు మీద అయిదారు గంటల పాటు ఎండ పడితే చాలు. ఈ పరికరాల చరిత్రను పుస్తకంలో చదివితే పేర్లు, సంవత్సరాలు మాత్రమే గుర్తుంటాయి. చేత్తో చేస్తే ఏ దోషాన్ని పట్టుకోవడానికి ఏ యంత్రం పుట్టిందో, ఏ మార్పు ఎందుకు వచ్చిందో వరుసగా ఎదురవుతుంది. అందుకే చరిత్రను వేరుగా చెప్పకుండా, పనిలో అది ఎక్కడ అవసరమవుతుందో అక్కడే చెబుతాను.

శంకువు, దిక్కులు

శంకువంటే నేల మీద నిటారుగా నిలిపిన కడ్డీ మాత్రమే. మన ఖగోళ సిద్ధాంత గ్రంథాలు దాని ఎత్తును 12 అంగుళాలుగా తీసుకున్నాయి. ఈ అంగుళం బజారులో వాడే ఇంచి కాదు. శంకువు ఎత్తులో పన్నెండో వంతుకు పెట్టిన పేరుగా భావించండి. ఒక అంగుళాన్ని 2 సెంటీమీటర్లుగా తీసుకుంటే శంకువు ఎత్తు 24 సెంటీమీటర్లు అవుతుంది. పెన్సిలంత మందం గల నిటారైన ఇనుప కడ్డీ తీసుకుని, పైకొనను మొనగా అరగదీయించి, 75 సెంటీమీటర్ల చదరపు పలక మధ్యలో బిగించండి. పలకను రసమట్టంతో రెండు దిశల్లోనూ మట్టం చేయండి. కడ్డీ నిలువుగా ఉందో లేదో తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండుతో పరీక్షించండి. చెన్నై హార్డ్‌వేర్ దుకాణాల్లో తూక్కుగుండు అని అడిగితే ఇస్తారు. ఈ గుండు తరువాత తురీయ యంత్రానికి కూడా పనికివస్తుంది.

శంకువు పాదం కేంద్రంగా 30 సెంటీమీటర్ల వ్యాసార్థంతో ఒక వృత్తం గీయండి. ఉదయం నీడ పొడవుగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ కురచవుతూ, దాని కొన ఒక క్షణంలో వృత్తాన్ని తాకి లోపలికి వస్తుంది. ఆ తాకిన చోట గుర్తు పెట్టండి. మధ్యాహ్నం తరువాత నీడ మళ్లీ సాగి, అవతలివైపు వృత్తాన్ని తాకి బయటికి పోతుంది. అక్కడ రెండో గుర్తు పెట్టండి. డిసెంబరు చివర్లో చెన్నైలో ఇది సుమారుగా ఉదయం 9:40కి, మధ్యాహ్నం 2:35కి జరుగుతుంది. రెండు గుర్తులను కలిపే గీత తూర్పు పడమరల గీత. ఆ రెండు గుర్తులు కేంద్రాలుగా, సమాన వ్యాసార్థంతో రెండు చాపాలు గీస్తే మధ్యలో చేప ఆకారం ఏర్పడుతుంది. దాన్ని పాతవారు మత్స్యమనే పిలిచారు. ఆ చేప తల నుంచి తోక దాకా గీసిన గీతే ఉత్తర దక్షిణ రేఖ. శుల్బసూత్రాల కాలం నుంచి వస్తున్న ఈ పద్ధతికి దిక్సూచి అక్కరలేదు. పైగా కాంక్రీటులోని ఇనుప కమ్మీల వల్ల అయస్కాంత సూది మేడ మీద దారితప్పే ప్రమాదం ఉంది కాబట్టి, దీన్నే నమ్మమని నా సలహా.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. సరిగ్గా నీడ వృత్తాన్ని తాకే వేళకు మబ్బు పడితే రోజంతా వృథా అవుతుంది కాబట్టి, 22, 26, 30, 34 సెంటీమీటర్ల వ్యాసార్థాలతో నాలుగు వృత్తాలు గీసుకోండి. రెండోది, ఉదయానికీ మధ్యాహ్నానికీ మధ్య సూర్యుడి క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఉండే కోణదూరం) కొద్దిగా మారుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) సమీపంలో అది రోజుకు సుమారు 24 కళలు మారితే, డిసెంబరు 21 ప్రాంతంలో దాదాపు మారదు. డిగ్రీలో అరవయ్యో వంతుకు కళ అని పేరు. భాస్కరాచార్యుడు వంటివారు ఈ మార్పుకు సవరణ కూడా చెప్పారు. కానీ డిసెంబరు, జూన్ నెలల చివర్లో పని చేస్తే ఆ సవరణ అవసరమే ఉండదు.

నీడ కొనను చూడగానే మొదటి దోషం మీకు తెలిసిపోతుంది. సూర్యుడు బిందువు కాదు. ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల నీడ కొన గీతలా తెగిపోకుండా, కొన్ని మిల్లీమీటర్ల మేర చెరిగినట్లు ఉంటుంది. కడ్డీని పెంచితే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ నీడ ఎన్ని రెట్లు పెరిగితే ఆ చెరుపు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. రాజా సవాయి జయసింగు జైపూర్‌లో 27 మీటర్ల ఎత్తున కట్టించిన సమ్రాట్ యంత్రమనే నీడ గడియారంలో రెండు సెకన్ల కాలానికి కూడా గీతలున్నాయి; అయినా నీడ అంచు చెరుపు వల్ల ఆ గీతను కంటితో తేల్చడానికి ప్రత్యేక నేర్పు కావాలి. మనకు ఒక సులువైన ఉపాయం ఉంది. కడ్డీ మొనకు బదులు, అదే ఎత్తులో 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చిన్న రేకును అడ్డంగా అమర్చితే, దాని నీడ మధ్యలో సూర్యబింబం చిన్న వెలుగు చుక్కగా పడుతుంది. చుక్క మధ్యను గుర్తించడం చెరిగిన కొనను గుర్తించడం కంటే ఎంతో తేలిక. రంధ్రం శంకువు పాదానికి సరిగ్గా పైన ఉండాలన్నది మాత్రం మరవకండి.

పలభ

విషువత్తు రోజున మధ్యాహ్నం 12 అంగుళాల శంకువుకు పడే నీడను పలభ అంటారు. పంచాంగ గణితంలో ఒక ఊరిని గుర్తించే సంఖ్య ఇదే. చెన్నై అక్షాంశం సుమారు 13 డిగ్రీల 5 కళలు కాబట్టి ఇక్కడి పలభ 2 అంగుళాల 47 వ్యంగుళాలు (అంగుళంలో అరవయ్యో వంతు వ్యంగుళం). అంటే మన శంకువుకు 5.6 సెంటీమీటర్ల నీడ. మార్చి 20 లేదా 21న, అలాగే సెప్టెంబరు 22 లేదా 23న ఉత్తర దక్షిణ రేఖ మీద నీడ పడిన క్షణంలో దీన్ని కొలవండి.

ఈ ఒక్క సంఖ్య నుంచి పాతవారు ఎంత రాబట్టారో చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పలభను 10, 8, పదిలో మూడో వంతు అనే మూడు సంఖ్యలతో వేర్వేరుగా గుణిస్తే మూడు చరఖండాలు, అంటే పగటి హెచ్చుతగ్గును లెక్కించే భాగాలు, వస్తాయి. చెన్నైకి అవి సుమారు 28, 22, 9 విఘడియలు (ఒక విఘడియ 24 సెకన్లు). మూడింటి మొత్తం 59 విఘడియలు, అంటే దాదాపు 24 నిమిషాలు. విషువత్తు రోజుతో పోలిస్తే జూన్ 21న సూర్యుడు అంత ముందుగా ఉదయించి, అంత ఆలస్యంగా అస్తమిస్తాడని దీని అర్థం; పగలు 12 గంటల కంటే ముప్పావు గంట పైగా ఎక్కువ. త్రికోణమితితో లెక్కిస్తే 23 నిమిషాల చిల్లర వస్తుంది. ఒక కడ్డీ, ఒక నీడ, మూడు గుణకారాలతో నిమిషంలోపు తేడాతో ఆ ఫలితం అందింది.

చెన్నైకి మరో ప్రత్యేకత ఉంది. ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు కాబట్టి శంకువుకు నీడే ఉండదు. ఆ రెండు తేదీల మధ్య కాలంలో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. ఉత్తర దేశాల వారి కోసం రాసిన సూత్రాలను యథాతథంగా వాడితే ఆ నెలల్లో తప్పు సమాధానం వస్తుంది.

తురీయ యంత్రం

తురీయమంటే వృత్తంలో నాలుగో వంతు. చెన్నైలో ఏ ప్లైవుడ్ దుకాణంలోనైనా 12 మిల్లీమీటర్ల మందం గల పలకను 65 సెంటీమీటర్ల చదరంగా కోయించుకోండి. తేమ తగిలితే పలక వంగుతుంది కాబట్టి, నీటికి తట్టుకునే రకాన్నే తీసుకుని, గీతలు గీయకముందే రెండు వైపులా వార్నిష్ పూసి ఆరనివ్వండి. పలక ఒక మూల నుంచి రెండు అంచులకూ 4 సెంటీమీటర్ల లోపల కేంద్ర బిందువును గుర్తించండి.

వ్యాసార్థం 57.3 సెంటీమీటర్లు తీసుకోండి. ఈ సంఖ్యను యథాలాపంగా ఎంచుకోలేదు. ఆ వ్యాసార్థంతో గీసిన చాపం మీద ఒక డిగ్రీ సరిగ్గా ఒక సెంటీమీటరు అవుతుంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో వ్యాసార్థం 3438 కళలు. దాన్ని 60తో భాగిస్తే వచ్చేది ఈ 57.3. అంటే మీ పలక మీద ఆర్యభటుడి వృత్తాన్నే, కళకు సెంటీమీటరులో అరవయ్యో వంతు చొప్పున గీస్తున్నారు. ఈ సంగతి తెలిసిన రోజు నేను నా పాత పలకను పక్కన పెట్టి, ఈ కొలతతో కొత్తది మొదలుపెట్టాను.

చాపం గీయడానికి బడి వృత్తలేఖిని సరిపోదు. సన్నని చెక్క బద్దకు ఒక చివర మేకు, 57.3 సెంటీమీటర్ల దూరంలో పెన్సిలు పట్టే రంధ్రం చేసుకుంటే చాలు. చాపాన్ని సరిగ్గా 90 డిగ్రీలకు ఆపకుండా, రెండు వైపులా రెండేసి డిగ్రీలు అదనంగా పొడిగించండి. దాని ప్రయోజనం చివర్లో తెలుస్తుంది.

విభజన

ఈ పని మొత్తంలో అసలైన విద్య ఇదే. ఇక్కడ తొందర పనికిరాదు. మొదటిసారి నేను కోణమాని బొమ్మను ఒక జిరాక్స్ దుకాణంలో పెద్దదిగా తీయించి పలకకు అంటించాను. చూడటానికి చాలా అందంగా ఉంది. వారం రోజుల కొలతలన్నీ ఒకే రీతిలో తప్పుగా వచ్చిన తరువాత స్కేలు పెట్టి చూస్తే, ఆ యంత్రం నిలువును అడ్డం కంటే నూటికి ఒక వంతు ఎక్కువగా సాగదీసిందని తేలింది. అంత స్వల్పమైన సాగుదల 45 డిగ్రీల దగ్గర 17 కళల తప్పు తెచ్చింది. అందుకే అచ్చు వేసిన స్కేలును అంటించకుండా, వృత్తాన్ని దాని సొంత వ్యాసార్థంతోనే విభజించాలి.

చాపం మొదలు నుంచి వ్యాసార్థమంత జ్యా (చాపం మీది రెండు బిందువులను కలిపే సరళరేఖ) వేస్తే 60 డిగ్రీల బిందువు వస్తుంది. దాన్ని సగం చేస్తే 30. ఆ 30ని 60కి కలిపితే 90. మూలమట్టాన్ని నమ్మి లంబకోణం పెట్టకండి. ఇలా వచ్చిన 90 డిగ్రీల బిందువుకూ మొదటి బిందువుకూ దూరం 81.03 సెంటీమీటర్లు ఉందో లేదో చూడండి. బౌధాయనుడు శుల్బసూత్రంలో చెప్పిన చతురస్ర కర్ణమే ఈ పరీక్ష. తరువాత ప్రతి 30నీ సగం చేసి 15, దాన్ని 7½, దాన్ని 3¾ డిగ్రీలు చేయండి. ఇప్పుడు చాపంలో 24 సమ భాగాలు ఏర్పడ్డాయి. ఒక్కొక్కటి 225 కళలు. ఆర్యభటుడి జ్యాపట్టికలో 24 విలువలే ఎందుకు ఉన్నాయో, మొదటిది 225 ఎందుకో ఇక్కడ మీ వేళ్లకే తెలుస్తుంది: వ్యాసార్థాన్ని ఒకసారి నడిపించి, తరువాత సగాలు మాత్రమే చేసుకుంటూ పోతే చేరేది ఈ మెట్టుకే. ఆ మెట్టు దగ్గర చాపానికీ జ్యాకూ తేడా కంటికి అందదు. మీ విభాగినితో కొలిచినా 3.75 సెంటీమీటర్లే చూపుతుంది.

ఇంకో రెండుసార్లు సగం చేస్తే 96 భాగాలు వస్తాయి. కానీ మనకు కావలసింది 90. అందుకోసం 15 డిగ్రీల భాగాన్ని మూడుగా, వచ్చిన 5 డిగ్రీల భాగాన్ని అయిదుగా విభజించాలి. మూడు, అయిదు భాగాలు చేయడానికి వృత్తలేఖినితో నేరైన మార్గం లేదు. అంచనాతో విభాగినిని తెరిచి, నడిపించి, మిగిలిన తేడాలో మూడో వంతు లేదా అయిదో వంతు సరిచేసి మళ్లీ నడిపించాలి. ప్రతి అంచనాలోనూ దోషం చేరుతుంది. లండన్‌లో జార్జి గ్రాహం 1725లో గ్రీనిచ్ వేధశాల కోసం ఎనిమిదడుగుల గోడ తురీయాన్ని చేసినప్పుడు, 90 భాగాల చాపంతోపాటు పక్కనే 96 భాగాల చాపాన్ని కూడా గీశాడు. రెండోది సగాలతో మాత్రమే వచ్చింది కాబట్టి మొదటిదానికి సాక్షిగా నిలుస్తుంది. ఆయన తరువాత జాన్ బర్డ్ మరో దారి కనిపెట్టాడు. 85 డిగ్రీల 20 కళలంటే అయిదేసి కళల భాగాలు 1024. ఆ జ్యా పొడవును లెక్కగట్టి వేసుకుని, పదిసార్లు సగం చేశాడు. పని మధ్యలో లోహం వేడికి సాగకూడదని గది ఉష్ణోగ్రత విషయంలో ఎంతో పట్టుదలగా ఉండేవాడు. ఆ పద్ధతిని రాసి ఇచ్చినందుకు ఇంగ్లండు రేఖాంశ మండలి ఆయనకు 500 పౌండ్లు చెల్లించి, 1767లో దాన్ని అచ్చు వేయించింది. జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో విభజన యంత్రాన్ని తయారుచేసిన తరువాతే ఈ చేతిపని నెమ్మదిగా అరుదైపోయింది.

మీరు గ్రాహం దారినే అనుసరించండి. లోపలి చాపం మీద 90, బయటి చాపం మీద 96 భాగాలు గీయండి. ప్రతి 15 డిగ్రీలకు బయట 16 భాగాలు రావాలి. మధ్యలో కూడా, కేంద్రం నుంచి దారం లాగి ఒకే చోట రెండు స్కేళ్లనూ చదవండి. బయటి సంఖ్యను 0.9375తో గుణిస్తే డిగ్రీలు వస్తాయి. రెండూ ఎక్కడ కలవలేదో ఆ గీతను చెరిపి మళ్లీ గీయండి. నా పలకకు ఈ పని మూడు ఆదివారాలు పట్టింది.

కళలు చదవడానికి అడ్డగీతలు కావాలి. 57.3 సెంటీమీటర్ల చాపం నుంచి లోపలికి 4 మిల్లీమీటర్ల ఎడంతో ఆరు చాపాలు గీసి, ఒక డిగ్రీ గీత బయటి కొన నుంచి పక్క డిగ్రీ గీత లోపలి కొనకు ఏటవాలుగా గీత వేయండి. దారం ఆ వాలుగీతను ఎన్నో చాపం దగ్గర కోస్తే అన్ని పది కళలు. పదహారో శతాబ్దపు డెన్మార్క్ ఖగోళ శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ తన పరికరాలలో విరివిగా వాడిన పద్ధతి ఇది. వాలుగీత నిజానికి కొద్దిగా వంపు తిరగాలి. నిటారుగా గీయడం వల్ల మన పలక మీద వచ్చే తప్పు ఒక కళ కూడా ఉండదు కాబట్టి పట్టించుకోనక్కరలేదు. పియర్ వెర్నియర్ 1631లో ప్రకటించిన జారుడు స్కేలు ఇంతకంటే నిశితమైనదే, కానీ దానికి తిరిగే లోహపు చేయి కావాలి. వేలాడే దారానికి అడ్డగీతలే తగినవి.

దారం, రంధ్రాలు, గాలి

కేంద్రంలో సన్నని సూది దిగగొట్టి, దానికి 0.2 మిల్లీమీటర్ల నైలాన్ దారంతో గుండును వేలాడదీయండి. ఆ దారం మందమే ఒక కళ కంటే కాస్త ఎక్కువ. చదివేటప్పుడు ఎప్పుడూ దాని ఒకే అంచును చూడండి. 90 డిగ్రీల గీత ఉన్న అంచు మీద, కేంద్రం వైపు 1.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రేకును, చాపం వైపు తెల్ల కాగితం అంటించిన రేకును నిలపండి. రెండు చోట్లా గీత నుంచి సమానమైన ఎత్తు ఉండాలి.

సూర్యుణ్ని ఏ రంధ్రం గుండా కూడా కంటితో చూడకూడదు. పిల్లలతో చేయించేవారు ఈ మాటను ముందే గట్టిగా చెప్పాలి. పై రేకు రంధ్రం నుంచి వచ్చే వెలుగు కింది కాగితం మీద అయిదారు మిల్లీమీటర్ల వృత్తంగా పడుతుంది. కాగితం మీద 7 మిల్లీమీటర్ల వలయం, మధ్యలో కూడలి గీత గీసుకుని, వెలుగును వలయం నడుమకు తేవాలి. పలక ముఖం నీడ సన్నని గీతలా మాత్రమే పడితే పలక సూర్యుడి దిశలో సరిగ్గా ఉన్నట్లు. పలకను ఒక నిలువు కర్రకు బోల్టుతో, రెక్కల నట్టుతో బిగించండి. చేత్తో పట్టుకుంటే ఏ కొలతా నిలవదు. మీ పిట్టగోడ ఉత్తర దక్షిణ రేఖలో ఉంటే అదృష్టమే. పలకను దానికే బిగించి, జయసింగు దక్షిణోత్తర భిత్తి యంత్రంలా వాడుకోవచ్చు.

చెన్నైలో మధ్యాహ్నం దాటగానే సముద్రపు గాలి లేస్తుంది, గుండు ఊగుతుంది. పాత పరికరాల వారు చేసినట్లే, గుండును ఒక గ్లాసు నీళ్లలో మునిగి వేలాడేలా ఉంచండి. నీటికి బదులు వంటనూనె పోస్తే ఇంకా త్వరగా నిలుస్తుంది.

మధ్యాహ్నపు కొలత

గడియారంలో 12 గంటలు చెన్నై మధ్యాహ్నం కాదు. మన ప్రామాణిక సమయం 82½ డిగ్రీల రేఖాంశానిది. చెన్నై దానికి పడమరగా ఉంది కాబట్టి ఇక్కడ సగటు మధ్యాహ్నం 9 నిమిషాలు ఆలస్యం. సూర్యుడి గతిలోని హెచ్చుతగ్గుల వల్ల అది ఫిబ్రవరి మధ్యలో 12:23కు, నవంబరు మొదట్లో 11:53కు జరుగుతుంది. 1906కు పూర్వం రైళ్ల గడియారాలు నడిచిన మద్రాసు సమయానికీ ఇప్పటి సమయానికీ ఉన్న తేడా కూడా ఈ 9 నిమిషాలే.

మధ్యాహ్నానికి పది నిమిషాల ముందు మొదలుపెట్టి, రెండేసి నిమిషాలకు ఒకసారి ఉన్నతాంశను (క్షితిజం నుంచి సూర్యుడి ఎత్తుకోణాన్ని) చదివి రాయండి. అది పెరిగి, నిలిచి, తగ్గుతుంది. అత్యధిక విలువను తీసుకోండి. ఈ కొలతకు డిసెంబరు, జనవరి నెలలే మంచివి. అప్పుడు సూర్యుడు సుమారు 53 నుంచి 59 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నడిమధ్యాహ్నానికి నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయినా తేడా ఒక కళ లోపే. ఏప్రిల్ చివర్లో సూర్యుడు నడినెత్తి మీదుగా పోతున్నప్పుడైతే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జారిపోతాడు, చదవడం కష్టం. ఈశాన్య ఋతుపవనాల మబ్బులు డిసెంబరు నడుమ దాకా అడ్డుపడవచ్చు; ఓపిక పట్టాలి.

డిసెంబరు 21న క్రాంతి దక్షిణంగా 23 డిగ్రీల 26 కళలు. ఉన్నతాంశను 90 నుంచి తీసివేస్తే నతాంశ వస్తుంది. అందులో నుంచి దక్షిణ క్రాంతిని తీసివేస్తే మీ అక్షాంశం. 53 డిగ్రీల 29 కళలు చదివితే నతాంశ 36 డిగ్రీల 31 కళలు, అక్షాంశం 13 డిగ్రీల 5 కళలు. సూర్యుడు ఉత్తర క్రాంతిలో ఉండి నీడ ఉత్తరానికే పడుతున్న రోజుల్లో క్రాంతిని కలపాలి. నీడ దక్షిణానికి పడే రోజుల్లో క్రాంతి నుంచి నతాంశను తీసివేయాలి. పది రోజుల కొలతల సగటు అయిదారు కళల లోపు తేడాతో వస్తే మీ విభజన బాగున్నట్లే.

ఎత్తుల కొలత

అదే పలక లోపలి భాగంలో, కేంద్రం నుంచి మొదలయ్యే 36 సెంటీమీటర్ల చతురస్రం గీసి, కేంద్రానికి ఎదురుగా ఉన్న రెండు భుజాలనూ 12 సమ భాగాలు చేయండి. ఆస్ట్రోలేబుల (ఎత్తుకోణాలు కొలిచే గుండ్రని లోహ యంత్రాల) వెనుక కనిపించే ఛాయాచతురస్రం ఇదే. అందులోని 12 భాగాలు శంకువు 12 అంగుళాల జ్ఞాపకమే. 1370లో మహేంద్రసూరి యంత్రరాజమనే పేరుతో ఆస్ట్రోలేబు గురించి సంస్కృతంలో రాసినప్పుడు, ఫిరోజ్‌షా తుగ్లక్ ఆస్థానంలో శంకువు, ఆస్ట్రోలేబు అనే ఈ రెండు సంప్రదాయాలు ఒకచోట చేరాయి.

దగ్గరికి పోలేని నీళ్ల ట్యాంకు ఎత్తు కావాలంటే, కాగితం రేకు స్థానంలో సన్నని రంధ్రమున్న రేకును పెట్టి, రెండు చోట్ల నుంచి చూడండి. మొదటి చోట దారం సరిగ్గా మూలను కోస్తే ఛాయ 12. అక్కడి నుంచి 10 మీటర్లు వెనక్కి జరిగితే దారం రెండో భుజం మీద 8 దగ్గర పడిందనుకోండి. 144ను 8తో భాగిస్తే ఛాయ 18. రెండు ఛాయల తేడా 6. పది మీటర్లను 12తో గుణించి 6తో భాగిస్తే 20 మీటర్లు. దానికి మీ కంటి ఎత్తు కలపాలి. దీపస్తంభం ఎత్తును రెండు శంకువుల నీడల నుంచి కనుక్కోవడానికి ఆర్యభటుడు గణితపాదంలో చెప్పిన సూత్రంలో ఉన్నది కూడా ఈ లెక్కే.

పది మీటర్లను టేపుతో ఎంత జాగ్రత్తగా కొలిస్తే ఫలితం అంత బాగుంటుంది. విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్ 10న సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దక్షిణ భారత త్రికోణమితి సర్వేకు ఆధారరేఖను కొలవడం మొదలుపెట్టినప్పుడు, రామ్స్‌డెన్ చేసిన నూరడుగుల ఉక్కు గొలుసును సుమారు ఏడున్నర మైళ్ల పొడవునా, దాదాపు నాలుగు వందల సార్లు పరిపించాడు. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసును చెక్క తొట్లలో, గుడారాల నీడలో ఉంచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టాడు. కోణాలన్నీ ఎంత చక్కగా చదివినా, మొత్తం కొలతకు పొడవునిచ్చేది ఆ ఒక్క గీతే.

సున్న దోషం

చివరిగా, మీ పలక సున్న దగ్గర ఎంత తప్పు చూపుతోందో కనుక్కోవాలి. ఇందుకు చెన్నైలో మెరీనా కంటే మంచి చోటు లేదు. సూర్యుడు వీపు వెనుక ఉండే సాయంత్రం వేళ, గాలి నెమ్మదించిన రోజున పలకను, కర్రను తీసుకుని నీటి అంచుకు దగ్గరగా నిలపండి. ఇప్పుడు చూసేది సూర్యుణ్ని కాదు కాబట్టి, కాగితం రేకు స్థానంలో సన్నని రంధ్రమున్న రేకును అమర్చి, దాని గుండా కంటితో సముద్రపు క్షితిజ రేఖను చూడండి. కన్ను నీటి మట్టానికి రెండు మీటర్ల ఎత్తులో ఉంటే క్షితిజం సుమారు రెండున్నర కళలు కిందికి కనిపిస్తుంది. అందువల్ల దారం సున్నకు అవతల, మీరు మొదట్లో అదనంగా పొడిగించిన భాగంలో, రెండు మూడు కళల దగ్గర పడాలి. అడ్డగీతలను ఆ భాగంలో కూడా గీసి ఉంచితేనే దాన్ని చదవగలరు. పదిసార్లు చదివి సగటు తీసుకోండి. ఆ సగటుకూ రావలసిన విలువకూ ఉన్న తేడాను, దాని దిశను, తేదీని పలక వెనుక చెరగని సిరాతో రాసి, మేడ మీద ఇంతకుముందు తీసుకున్న ప్రతి ఉన్నతాంశనూ దాని ప్రకారం సవరించి, అక్షాంశాన్ని మళ్లీ లెక్కించండి. ప్రతి వర్షాకాలం తరువాత పలక కొద్దిగా వంగుతుంది కాబట్టి ఈ పరీక్షను ఏడాదికి ఒకసారైనా, జనవరిలో, మళ్లీ చేయవలసి ఉంటుంది.